హార్డ్‌వేర్ వాలెట్ ఎంతవరకు కాపాడుతుంది?

2024 జులై 18న మన దేశపు క్రిప్టో ఎక్స్ఛేంజ్ (క్రిప్టో నాణేలు కొని అమ్ముకునే వేదిక) వజీర్‌ఎక్స్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల సొత్తు మాయమైంది. మన లెక్కలో సుమారు 2 వేల కోట్ల రూపాయలు. ఖాతాదారులందరి సొత్తులో అది సగానికి కాస్త తక్కువ. సంస్థ వెంటనే విత్‌డ్రాయల్స్ ఆపేసింది. ట్రేడింగ్ మళ్లీ మొదలయ్యేసరికి ఏడాది దాటిపోయింది. యాప్‌లో కనబడే అంకె తమ దగ్గరున్న నాణెం కాదని, సంస్థ తమకు బాకీ ఉన్నట్టు రాసుకున్న పద్దు మాత్రమేనని చాలామందికి అప్పుడు తెలిసొచ్చింది.

ఇలాంటి ప్రతి దెబ్బ తర్వాతా ఒక సలహా వినబడుతుంది: హార్డ్‌వేర్ వాలెట్ కొనుక్కుని నాణేలు మీ దగ్గరే పెట్టుకోండి. సలహా మంచిదే, కాకపోతే సగమే. ఆ పరికరం దేన్ని కాపాడుతుందో, ఎక్కడ దాని పని అయిపోయి మన పని మొదలవుతుందో తెలియాలి. తెలియకుండా వాడితే ఎక్స్ఛేంజ్‌లో పోవాల్సింది ఇంట్లోనే పోతుంది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. వాలెట్‌లో నాణేలు ఉండవు. బిట్‌కాయిన్ అయినా ఈథర్ అయినా బ్లాక్‌చెయిన్ (వేల కంప్యూటర్లలో ఒకేలా ఉండే బహిరంగ ఖాతా పుస్తకం) మీద నమోదైన అంకెలే. ఏ అడ్రస్ పేర ఎంత ఉందో ఎవరైనా చూడవచ్చు. అక్కడినుంచి కదిలించాలంటే మాత్రం ఆ అడ్రస్‌కు సరిపోయే డిజిటల్ సంతకం కావాలి. ఆ సంతకాన్ని పుట్టించేది ప్రైవేట్ కీ (యజమానికి మాత్రమే తెలియాల్సిన అతిపెద్ద రహస్య సంఖ్య). కీ నుంచి అడ్రస్‌ను లెక్కగట్టవచ్చు. అడ్రస్ నుంచి కీని రాబట్టే దారి లేదు. సంతకం సరిపోయిందా లేదా అన్నదొక్కటే నెట్‌వర్క్ చూస్తుంది. పెట్టిందెవరో, తెలిసి పెట్టారో మోసపోయి పెట్టారో అడగదు. ఒకసారి నమోదయ్యాక వెనక్కి తిప్పించడానికి మేనేజరూ ఉండడు, ఫిర్యాదు తీసుకునే కౌంటరూ ఉండదు.

కాబట్టి అసలు ప్రశ్న, కీ ఎక్కడుంది అన్నదే. ఎక్స్ఛేంజ్‌లో ఖాతా ఉంటే కీ ఎక్స్ఛేంజ్ దగ్గర ఉంటుంది. ఫోన్‌లో వాలెట్ యాప్ పెట్టుకుంటే కీ ఫోన్‌లో ఉంటుంది. అదే ఫోన్‌లో ఎవరో పంపిన లింకు నొక్కి దింపుకున్న యాప్ కూడా ఉండవచ్చు. హార్డ్‌వేర్ వాలెట్ వచ్చింది ఈ చిక్కు తీర్చడానికే. పెన్‌డ్రైవ్ అంత పరికరం. కీ దాని లోపలే పుడుతుంది, లోపలే ఉంటుంది. ఆఫీసు రబ్బరు ముద్రను ఒక ఇనుప పెట్టెలో బిగించి, కాగితం దూరేంత సందు మాత్రం వదిలారనుకోండి. కాగితం లోపలికి వెళ్తుంది, ముద్ర పడి బయటికొస్తుంది. ముద్రను మాత్రం ఎవరూ బయటికి తీయలేరు. లావాదేవీని కంప్యూటర్ తయారు చేస్తుంది. పరికరం దాన్ని తీసుకుని లోపలే సంతకం చేసి, సంతకాన్ని మాత్రమే బయటికి పంపుతుంది. కంప్యూటర్‌లో వైరస్ ఉన్నా కీ దానికి దొరకదు.

ఈ తరహా పరికరాల్లో మొదటిది ట్రెజర్. ప్రాగ్ నగరంలోని సతోషిలాబ్స్ 2014లో దాన్ని అమ్మకానికి తెచ్చింది. అదే ఏడాది పారిస్‌లో లెడ్జర్ కంపెనీ పుట్టింది. ఇప్పుడు మరికొన్ని ఉన్నాయి. చాలా మోడళ్లలో సెక్యూర్ ఎలిమెంట్ (విప్పి చదవబోయినా లోపలి రహస్యం అందకుండా తయారైన చిప్) వాడతారు. ఏటీఎం కార్డులో ఉండేదీ ఆ జాతి చిప్పే.

అందరికీ ఇది అవసరమా? కాదనే నా అభిప్రాయం. పరికరం ధరే కొన్ని వేల రూపాయలుంటుంది. దాచేది అంతకంటే కాస్త ఎక్కువ అనుకుంటే, ఆ డబ్బుకు ఇంత శ్రమ దండగ. రోజూ కొని అమ్మేవాళ్లకూ ఇది అడ్డే. ఏళ్ల తరబడి కదిలించకుండా ఉంచే మొత్తం, పోతే మనసు కష్టపడే మొత్తం ఉన్నవాళ్ల కోసం ఇది.

కొనడం దగ్గరే ఒక జాగ్రత్త ఉంది. పాతది కొనకూడదు. తక్కువ ధర చూపిస్తున్న తెలియని అమ్మకందారు దగ్గర కొనకూడదు. కంపెనీ సొంత సైటు నుంచో, కంపెనీ తన జాబితాలో పేరు పెట్టిన అమ్మకందారు నుంచో తీసుకోవాలి. 2023లో కంప్యూటర్ భద్రతా సంస్థ కాస్పర్‌స్కీ ఒక నకిలీ ట్రెజర్‌ను విప్పి చూసింది. పైకి అంతా అసలుదే. లోపలి చిప్ మార్చేశారు. కొత్త కీ పుట్టిస్తున్నట్టు నటిస్తూ, దొంగలు ముందే సిద్ధం చేసుకున్న 20 కీలలో ఒకటి ఇచ్చేది. కొన్నవాళ్లు అన్నీ పద్ధతి ప్రకారమే చేసినా సొత్తు పోతుంది. డబ్బా మీద మెరిసే స్టిక్కర్ చూసి నమ్మడానికి లేదు, స్టిక్కర్లు ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు. కంపెనీ యాప్‌కు కలిపినప్పుడు పరికరం అసలుదో కాదో యాప్ పరీక్షిస్తుంది. ఆ పరీక్ష దాటాలి. ఇక డబ్బాలో రహస్య పదాలు ముందే అచ్చు వేసిన కార్డు కనబడితే, పిన్ ముందే పెట్టి ఉంటే, అది మోసమే. వాడకుండా పక్కన పెట్టేయాలి.

యాప్ దింపుకోవడంలోనూ తొందర పనికిరాదు. 2023 నవంబరులో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోకే నకిలీ లెడ్జర్ యాప్ ఒకటి చొరబడింది. నమ్మినవాళ్లు లక్షల డాలర్లు పోగొట్టుకున్నారు. గూగుల్‌లో వెతికితే పైన కనబడే ప్రకటనల మీద నొక్కకుండా, పరికరంతో వచ్చిన కాగితంలోని సైటు పేరు చూసి మనమే టైప్ చేయడం మేలు.

ఇక సెటప్. పరికరాన్ని కలిపి, కొత్తదిగా మొదలుపెట్టమని ఎంచుకోవాలి. ముందు పిన్ అడుగుతుంది. పుట్టిన తేదీ, బండి నంబరు వద్దు. తర్వాత తన చిన్న తెర మీద ఒక్కొక్కటిగా ఇంగ్లిష్ పదాలు చూపిస్తుంది. సాధారణంగా 24, కొన్నిటిలో 12. దీన్ని సీడ్ ఫ్రేజ్ (కీలన్నిటినీ తిరిగి పుట్టించగల పదాల వరుస) అంటారు. అసలు సంగతంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఆగుదాం.

పరికరం ముందు 256 బిట్లను (సున్నా లేదా ఒకటి అనే గుర్తులను) ఏ క్రమమూ లేకుండా పుట్టిస్తుంది. తప్పు పట్టుకోవడానికి మరో 8 చేరుస్తుంది. మొత్తం 264. వాటిని పదకొండేసి చొప్పున విడగొడితే 24 ముక్కలు. పదకొండు బిట్లతో 2,048 రకాల ముక్కలు సాధ్యం. అందుకని 2,048 మామూలు పదాల జాబితా ఒకటి ముందే తయారు చేసి పెట్టారు. ఒక్కో ముక్కకు ఒక్కో పదం. 2013లో రూపొందిన ఈ పద్ధతి పేరు బిప్-39. మనిషి 256 సున్నాలూ ఒకట్లూ తప్పు లేకుండా రాసుకోలేడు. 24 పదాలు రాసుకోగలడు. సాధ్యమయ్యే వరుసల సంఖ్య రాస్తే 78 అంకెలు వస్తాయి. ఊహించి కొట్టడం ఏ కంప్యూటర్ వల్లా కాదు. దొంగలకూ ఆ సంగతి తెలుసు, అందుకే ఊహించే పని పెట్టుకోరు. మనల్నే అడుగుతారు.

ఈ జాబితా ఇంగ్లిష్‌తో పాటు జపనీస్, కొరియన్, చైనీస్, స్పానిష్, ఫ్రెంచ్, ఇటాలియన్, చెక్, పోర్చుగీస్ భాషల్లో ఉంది. తెలుగులో లేదు, మరే భారతీయ భాషలోనూ లేదు. పరికరాలు సాధారణంగా ఇంగ్లిష్ జాబితానే వాడతాయి. కాబట్టి పలికే తీరును తెలుగు లిపిలో రాసుకోవద్దు. స్పెల్లింగ్ చూసుకుంటూ ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో, పక్కన వరుస నంబరు వేసి రాయాలి. వరుస మారితే పదాలన్నీ ఉన్నా లేనట్టే. ఒక వెసులుబాటు ఉంది. ఇంగ్లిష్ జాబితాలో ఏ రెండు పదాలకూ మొదటి నాలుగు అక్షరాలు కలవవు. చివర కాస్త చెరిగినా మొదటి నాలుగు కనబడితే పదం తెలిసిపోతుంది.

ఈ పదాల నుంచే కీలు పుడతాయి కాబట్టి, పరికరం పోయినా పగిలినా నష్టం లేదు. ఇంకోటి కొని పదాలు ఎక్కిస్తే సొత్తంతా మళ్లీ కనబడుతుంది. వేరే కంపెనీ పరికరమైనా బిప్-39 చదివేదైతే చాలు. కొన్ని కొత్త ట్రెజర్‌లు ఇచ్చే 20 పదాలది వేరే పద్ధతి, అన్ని పరికరాలూ దాన్ని చదవలేవు. పదాలుంటే చాలన్న ఈ మాటనే తిరగేసి చూస్తే ప్రమాదం తెలుస్తుంది. పదాలు చూసినవాడికి పరికరంతో పని లేదు, పిన్‌తో పని లేదు. వాడు ఏ దేశంలో ఉన్నా సొత్తు వాడిదే.

అందుకే ఆ పదాలను ఫోటో తీయకూడదు. ఫోటో తీసిన మరుక్షణం అది క్లౌడ్ బ్యాకప్‌లోకి వెళ్లవచ్చు. వాట్సాప్‌లో తనకు తానే పంపుకోవడం, మెయిల్‌లో డ్రాఫ్ట్‌గా పెట్టుకోవడం కూడా అంతే. 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ వాళ్లు స్పార్క్‌క్యాట్ అనే దొంగ ప్రోగ్రామ్‌ను బయటపెట్టారు. గూగుల్ ప్లేలోనూ, ఆపిల్ యాప్ స్టోర్‌లోనూ ఉన్న కొన్ని యాప్‌లలో అది దాగి ఉంది. గ్యాలరీలో ఫోటోలన్నీ తిరగేసి, వాటిలోని అక్షరాలు చదివి, సీడ్ ఫ్రేజ్‌లా కనబడినవాటిని పంపించేది. కాగితం మీదే రాయాలి. కాగితానికి మన ఇళ్లలో చెద భయం, తడి భయం ఉన్నాయి. మొత్తం పెద్దదైతే అక్షరాలు చెక్కుకునే స్టీలు పలకలు దొరుకుతాయి. రెండు ప్రతులు రాసి, రెండు వేర్వేరు చోట్ల ఉంచాలి. కొందరు తెలివిగా సగం పదాలు ఒకచోట, సగం మరోచోట పెడతారు. అలా చేస్తే ఏ ఒక్క సగం పోయినా మొత్తం పోయినట్టే.

పదాలు రాసుకోవడంతో చాలామంది పని అయిపోయిందనుకుంటారు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇంకా మిగిలే ఉంది, ఎక్కువమంది వదిలేసేదీ దాన్నే. కొద్ది మొత్తం మాత్రమే ఆ వాలెట్‌కు పంపి, పరికరాన్ని పూర్తిగా చెరిపేసి, కాగితం చూసి పదాలు మళ్లీ ఎక్కించాలి. లెడ్జర్‌లో మూడుసార్లు తప్పు పిన్ కొడితే పరికరం తనను తానే చెరిపేసుకుంటుంది. కావాలని అలా చేసి చూడవచ్చు. ముందున్న అడ్రసే, ముందున్న మొత్తమే తిరిగి కనబడితే కాగితం సరైనదని రుజువైనట్టు. కనబడకపోతే పోయేది ఆ కొద్ది మొత్తమే. పెద్ద మొత్తం పంపేది ఈ పరీక్ష అయ్యాకే.

పాస్‌ఫ్రేజ్ (24 పదాలకు అదనంగా మనం చేర్చుకునే సొంత మాట) అనే అదనపు రక్షణ గురించి వింటారు. దానికి గట్టి కారణం ఉంది. పరికరం దొంగ చేతిలో పడితే పావుగంటలో ట్రెజర్ వన్, మోడల్ టీల నుంచి పదాలు లాగవచ్చని క్రాకెన్ ఎక్స్ఛేంజ్ భద్రతా విభాగం 2020లో చేసి చూపించింది. పాస్‌ఫ్రేజ్ ఉంటే ఆ పదాలొక్కటే చాలవు. అయితే పాస్‌ఫ్రేజ్‌లో తప్పు అనేదే లేదు. ఒక అక్షరం తేడాగా కొట్టినా పరికరం అభ్యంతరం చెప్పదు, ఖాళీగా ఉన్న మరో వాలెట్ తెరుస్తుంది. మరిచిపోతే గుర్తు చేసే దిక్కు లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఇప్పుడు ఎక్స్ఛేంజ్ నుంచి తెచ్చుకోవడం. వాలెట్ యాప్ ఒక అడ్రస్ చూపిస్తుంది. అదే అడ్రస్‌ను పరికరం తన తెర మీద కూడా చూపిస్తుంది. రెండూ సరిపోల్చుకోవాలి. కాపీ చేసిన అడ్రస్‌ను పేస్ట్ చేసేలోపు దొంగ అడ్రస్‌తో మార్చేసే వైరస్‌లు ఉన్నాయి. అందుకే ఎక్స్ఛేంజ్ పేజీలో పేస్ట్ చేశాక అక్కడ పడిన అడ్రస్‌ను కూడా మళ్లీ పరికరం తెరతో పోల్చాలి. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలతో సరిపెట్టుకోవద్దు. మనం వాడే అడ్రస్‌ను మొదటా చివరా పోలిన అడ్రస్ తయారు చేసి, దాన్నుంచి చిన్న మొత్తం పంపి, మన పాత లావాదేవీల జాబితాలో చేర్చే మోసం ఒకటుంది. తర్వాత మనం ఆ జాబితా నుంచి కాపీ చేస్తే దొంగకే చేరుతుంది. 2024 మేలో ఒకాయన ఇలా ఒక్క దెబ్బకు దాదాపు 7 కోట్ల డాలర్లు పంపేశాడు. ఆ తర్వాత బేరసారాలతో చాలావరకు తిరిగొచ్చింది. అలా రావడం అరుదు. ఎక్స్ఛేంజ్ ఏ నెట్‌వర్క్ మీద పంపుతుందో, మన అడ్రస్ ఏ నెట్‌వర్క్‌దో కూడా కలవాలి. ముందు చిన్న మొత్తం పంపి, చేరిందని చూసుకుని, మిగతాది పంపడం రుసుము రెండుసార్లు కట్టించినా మంచి అలవాటే.

బయటికి పంపేటప్పుడే అసలు చిక్కు. వజీర్‌ఎక్స్‌లో సొత్తు పోయిన వాలెట్ మల్టీసిగ్ (పలువురి సంతకాలు కలిస్తేనే తెరుచుకునేది). ఆరుగురు సంతకందార్లు. అయిదుగురు వజీర్‌ఎక్స్ వాళ్లు, ఆరోది లిమినల్ అనే కస్టడీ సంస్థది (ఇతరుల క్రిప్టో సొత్తును భద్రపరిచేది). వజీర్‌ఎక్స్ నుంచి ముగ్గురు సంతకం చేసి, ఆపైన లిమినల్ ఆమోదిస్తేనే లావాదేవీ నడుస్తుంది. సంతకం చేసిన తమవాళ్లు వాడింది హార్డ్‌వేర్ వాలెట్లేనని వజీర్‌ఎక్స్ చెప్పింది. కీలు దొంగల చేతికి వెళ్లలేదు, వెళ్లాల్సిన అవసరమే రాలేదు. సంస్థ వివరణ ప్రకారం కంప్యూటర్ తెర మీద మామూలు బదిలీ ఒకటి కనబడింది. సంతకానికి లోపలికి వెళ్లింది మాత్రం వాలెట్ పెత్తనాన్నే దొంగలకు అప్పగించే ఆదేశం. లోపం ఎవరి వైపున్నదని రెండు సంస్థలూ ఒకదాన్నొకటి వేలెత్తి చూపుకున్నాయి. 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా ఉమ్మడి ప్రకటన చేసి, ఇది ఉత్తర కొరియా ముఠా పని అన్నాయి. ఆ మరుసటి నెల 21న బైబిట్ ఎక్స్ఛేంజ్‌లో ఇదే తీరున దాదాపు 150 కోట్ల డాలర్ల ఈథర్ పోయింది. అక్కడా మల్టీసిగ్ ఉంది, అక్కడా హార్డ్‌వేర్ వాలెట్లు ఉన్నాయి.

ఆ సంతకందార్లు చేసినదాన్ని బ్లైండ్ సైనింగ్ (ఏముందో చదవకుండా సంతకం పెట్టడం) అంటారు. పరికరం చిన్న తెర మీద కొన్ని లావాదేవీల సారాంశం చూపలేదు. ఎవరికీ అర్థం కాని అక్షరాల వరుస చూపి, ఒప్పుకుంటారా అని అడుగుతుంది. బిట్‌కాయిన్ పంపేవాళ్లకు ఈ బాధ దాదాపు లేదు. ఎవరికి, ఎంత, రుసుము ఎంత అన్నవి పరికరం తెర మీదే స్పష్టంగా వస్తాయి. వాటిని చదవడమే మన పని. కంప్యూటర్ తెర ఏం చెప్పినా పక్కన పెట్టి, పరికరం తెర చెప్పిందే నిజం అనుకోవాలి. ఈథర్ నడిచే ఈథీరియం లాంటి వేదికల మీద రకరకాల సైట్లకు వాలెట్‌ను తగిలించేవాళ్లకు ప్రమాదం ఎక్కువ. అక్కడ సంతకం అంటే డబ్బు పంపడమే కాకపోవచ్చు, ఫలానా టోకెన్‌ను ఎంతైనా తీసుకోమని సైటుకు అనుమతి ఇవ్వడమూ కావచ్చు. ఆ పనులకు వేరే చిన్న వాలెట్ పెట్టుకుని, దాచుకున్న మొత్తం ఉన్న వాలెట్‌ను ఏ సైటుకూ తగిలించకపోవడం సులువైన పద్ధతి. పరికరం తెర మీద అర్థం కానిది కనబడితే వద్దు అనే బటన్ నొక్కితే పోయేదేమీ లేదు.

మిగిలింది ఫోన్లు, మెయిళ్లు, ఉత్తరాలు. 2020లో లెడ్జర్ కొనుగోలుదారుల జాబితా దొంగిలించారు. ఆ డిసెంబరులో దాదాపు 2 లక్షల 72 వేల మంది పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు అందరికీ కనబడేలా పడేశారు. పరికరాల్లోని కీలకు ఏమీ కాలేదు. కానీ ఎవరి దగ్గర హార్డ్‌వేర్ వాలెట్ ఉందో దొంగలకు తెలిసిపోయింది. కొందరికి కంపెనీ పేరుతో మెయిళ్లు వచ్చాయి, కొందరికి పోస్టులో ఉత్తరాలు, కొందరికి ఏకంగా నకిలీ పరికరాలే వచ్చాయి. అన్నీ చివరికి అడిగేది ఒక్కటే, ఆ పదాలు ఎక్కించమని. పదాలు ఎక్కించాల్సిన చోటు పరికరం తెర ఒక్కటే. సైటులో, యాప్‌లో, ఫోన్‌లో ఎవరు అడిగినా దొంగే. తన దగ్గర ఇంత ఉందని చెప్పుకోవడం కూడా ప్రమాదమే. 2025 జనవరిలో లెడ్జర్ సహవ్యవస్థాపకుల్లో ఒకరిని ఫ్రాన్స్‌లో అపహరించి వేలు కోసి, డబ్బు డిమాండ్ చేశారు. పోలీసులు విడిపించారు.

పన్ను సంగతి రెండు మాటల్లో. 2022 ఏప్రిల్ నుంచి మన దేశంలో క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, ఆ జులై నుంచి బదిలీల మీద 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. ఎక్స్ఛేంజ్ నుంచి సొంత వాలెట్‌కు మార్చుకోవడం అమ్మకం కాదు. కానీ ఎప్పుడు, ఎంతకు కొన్నామో ఆ కాగితాలు ఎక్స్ఛేంజ్ నుంచి దింపి ఉంచుకోవాలి. అయిదేళ్ల తర్వాత అమ్మినప్పుడు కొన్న ధర చూపించాల్సింది మనమే. అప్పటికి ఆ ఎక్స్ఛేంజ్ ఉంటుందన్న హామీ లేదు. సొంత వాలెట్‌లో పెడితే లెక్కలోకి రాదనుకోవడమూ పొరపాటే. ఏ అడ్రస్‌కు పంపిందో ఎక్స్ఛేంజ్ దగ్గర నమోదై ఉంటుంది, అక్కడినుంచి జరిగేదంతా బహిరంగ పుస్తకంలోనే ఉంటుంది.

మనిషి పోతే ఏమిటన్నది ఎక్కువమంది ఆలోచించని ప్రశ్న. బ్యాంకు ఖాతాకు, డీమ్యాట్ ఖాతాకు నామినీ ఉంటారు. ఇక్కడ నామినీ లేరు, వారసత్వ ధ్రువపత్రం తీసుకుని వెళ్లే ఆఫీసు లేదు. పదాలు దొరక్కపోతే ఆ సొత్తు ఖాతా పుస్తకంలో అందరికీ కనబడుతూ ఎవరికీ అందకుండా ఉండిపోతుంది. ఈ ప్రమాదానికి కెనడా ఎక్స్ఛేంజ్ క్వాడ్రిగా ఉదంతం చెబుతుంటారు. దాని యజమాని జెరాల్డ్ కాటన్ 2018 డిసెంబరులో జైపూర్‌లో చనిపోయాడు, పాస్‌వర్డ్‌లు ఆయనతోనే పోయాయన్నారు. 2020లో ఒంటారియో సెక్యూరిటీస్ కమిషన్ విచారణలో, ఖాతాదారుల డబ్బులో అధిక భాగం ఆయన బతికుండగానే మోసంతో పోగొట్టాడని తేలింది. కాబట్టి ఆ ఉదాహరణ ఇక్కడికి అంతగా సరిపోదు. మామూలు కుటుంబాల్లో జరిగేది ఇంకా చిన్న విషయం. సొరుగులో పెన్‌డ్రైవ్ లాంటిది ఒకటి దొరుకుతుంది, 24 ఇంగ్లిష్ పదాలున్న కాగితం ఒకటి దొరుకుతుంది, రెండిటికీ సంబంధం ఉందని ఎవరికీ తెలియదు. కాగితం చిత్తు బుట్టలోకి వెళ్తుంది.

దానికి మందు ఒక ఉత్తరం. ఫలానా పరికరం ఉంది, ఫలానా నాణేలు ఉన్నాయి, పదాల కాగితం ఫలానా చోట ఉంది, పాస్‌ఫ్రేజ్ ఉంటే అది ఫలానా చోట ఉంది, సాయానికి ఫలానా బంధువును పిలవండి, సాయం చేసేవాళ్ల చేతికి కాగితం ఇవ్వకుండా మీ చేత్తోనే పదాలు ఎక్కించండి. పదాలు మాత్రం ఆ ఉత్తరంలో రాయకూడదు. ఉత్తరం, పదాల కాగితం, పరికరం మూడూ ఒకేచోట ఉండకూడదు. భార్యకో భర్తకో ఎదిగిన పిల్లలకో ఒకసారి చేసి చూపిస్తే ఇంకా మేలు. అసలు పదాలు వాళ్ల ముందు పెట్టక్కర్లేదు. తక్కువ ధరలో రెండో పరికరం ఒకటి తీసుకుని, దానిలో కొత్తగా పుట్టిన వేరే పదాలతో కొద్ది మొత్తం వేసి, చెరిపి, వాళ్ల చేతే తిరిగి తెప్పించవచ్చు. అసలు పరికరం ఎప్పుడైనా పాడైతే ఆ రెండోది పనికొస్తుంది.